నడి సముద్రంల ఓడలను గుంజిన టగ్గులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీల టమరోవా అనే అమెరికా ఓడ గురించి నాలుగు లైన్లు రాసిన. 2017 మే 10 నాడు న్యూజెర్సీ తీరం అవతల దాన్ని కావాలనే ముంచి చేపలకు ఇల్లు చేసిన్రని, దాని అసలు పేరు జూని అని, రెండో ప్రపంచ యుద్ధంల దెబ్బతిన్న ఓడలను గుంజుకొచ్చిన టగ్ అని, గంతే. దానికే వాట్సాప్ నిండ ప్రశ్నలు. సముద్రం మొకం చూడాల్నంటే రాత్రంత రైల్ల కూసోవాల్సిన జిల్లాలోళ్లం మనం, అయినా టగ్గుల మీద ఇంత ఇంట్రెస్ట్ ఉంటదనుకోలే. ఈ నెల పేజీ మొత్తం దానికే ఇస్తున్న, మిర్చి రేట్ల గురించి, టెట్ గురించి అడిగినోళ్లు జర ఓపిక పట్టున్రి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: సార్ నమస్తే, నాకు నేవీ అంటే పిచ్చి. రెస్క్యూ టగ్ అంటే నీళ్లల్ల పడ్డ మనుషులను కాపాడే ఓడనా? దానికి తుపాకులు ఉంటయా? జూని యుద్ధంల నిజంగ ఏం చేసిందో జర డిటెయిల్‌గ చెప్పున్రి.
– డిగ్రీ స్టూడెంట్, పరకాల

జవాబు: తమ్మీ, చానామంది ఇక్కడనే కన్ఫ్యూజ్ అయితరు. మనుషులను ఏరుకునే ఓడలు వేరే ఉండె, వాటిని రెస్క్యూ షిప్ అనేటోళ్లు. బ్రిటిషోళ్ల కాన్వాయ్‌ల (గుంపుగ కలిసి పోయే ఓడల) చివర్ల చిన్న చిన్న ప్యాసింజర్ ఓడలు పోతుండె, ముందటి ఓడలు మునిగితే నీళ్లల్ల ఉన్నోళ్లను ఎక్కించుకునుడు వాటి పని, 1942ల పీక్యూ 17 కాన్వాయ్ తోని ఆర్కిటిక్ దిక్కు పోయిన జఫారన్, జమాలెక్, రాత్లిన్ అసొంటివి. రెస్క్యూ టగ్ కాపాడేది ఓడను. టార్పెడో (నీళ్లల్ల ఉరికొచ్చి కొట్టే బాంబు) తగిలి, ఇంజన్ రూంల నీళ్లు నిండి, కరెంటు పోయి, ఒక పక్కకు ఒరిగి, ఇగ మునుగుతదా తేలుతదా అన్నట్టున్న ఓడ దగ్గరికి పోయి, వైరు కట్టి రేవు దాక గుంజుకొచ్చుడు దాని డ్యూటీ. గుంజుడొక్కటే గాదు, నిప్పంటుకుంటే ఆర్పాలె, నీళ్లు తోడాలె, అందుకే టగ్ మీద పెద్ద పెద్ద పంపులు, ఫైర్ హోసులు పెడ్తరు. అవసరం పడితే మనుషులను గూడ ఎక్కించుకుంటది అనుకో. 1942 ఆగస్టు 11 నాడు మధ్యధరా సముద్రంల ఈగల్ అనే బ్రిటిష్ విమాన వాహక నౌకను జర్మన్ సబ్‌మెరైన్ యూ-73 కొడితే నిమిషాలల్ల మునిగిపోయింది, అయినా 900 మందికి పైగ బతికిన్రు. వాళ్లను నీళ్లల్లకెల్లి తీసిన ఓడలల్ల రెండు డిస్ట్రాయర్లు (స్పీడుగ ఉరికే చిన్న యుద్ధనౌకలు), మూడోది జాంటీ అనే టగ్.

ఇగ జూని సంగతి. అమెరికాల ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌ల కట్టిన్రు, 1943 జూలై 31 నాడు నీళ్లల్లకు దించి అక్టోబర్ 9 నాడు నేవీల చేర్చుకున్నరు. 205 అడుగుల పొడుగు, ఏమీ ఎక్కించకుంటే 1,200 టన్నుల చిల్లర బరువు, యుద్ధనౌకల ముందల పిల్ల లెక్క. తుపాకులు ఉండె తమ్మీ, ముందటొక మూడంగుళాల ఫిరంగి, విమానాలను కొట్టడానికి చిన్న తోపులు కొన్ని. కానీ దాని అసలు బలం ఇంజన్ రూంలనే. డీజిల్ ఇంజన్లు జనరేటర్లను తిప్పుతయి, ఆ కరెంటు తోని మోటరు తిరుగుతది, మోటరు నీళ్లల్ల ఉండే పంకను తిప్పుతది, మొత్తం 3,000 హార్స్ పవర్. మన కాజీపేట లోకో షెడ్ల డీజిల్ ఇంజన్లు నడిచేది గూడ ఇదే పద్ధతి. ఇట్ల ఎందుకంటే బరువు గుంజేటప్పుడు పంకను మెల్లగ, జర్కు లేకుంట తిప్పాలె, డైరెక్ట్ డీజిల్ అయితే అంత నాజూకుగ రాదు. ఏ బరువు లేకుంటే 16 నాట్ల దాక ఉరుకుతది, అంటే గంటకు దగ్గరదగ్గర 30 కిలోమీటర్లు. దానెనుక ఇంకో ఓడ కట్టినంక లెక్క వేరే, అది కింద చెప్త.

జూని చేసిన పనులల్ల నాకైతే రీనో కథనే పెద్దది. రీనో అంటే అమెరికా లైట్ క్రూయిజర్, డిస్ట్రాయర్ కంటె పెద్ద యుద్ధనౌక, ఆరేడు వేల టన్నుల ఓడ, పొడుగే 540 అడుగులు. 1944 నవంబర్ 3 రాత్రి ఫిలిప్పీన్స్ తూర్పు దిక్కు శాన్ బెర్నార్డినో జలసంధి అవతల జపాన్ సబ్‌మెరైన్ ఐ-41 దాన్ని టార్పెడో తోని కొట్టింది. ఓడ ఒరిగింది, లోపల నీళ్లు, ఎప్పుడు బోల్తా కొడ్తదో తెల్వదు. జూని పోయి దానికి వైరు కట్టి పసిఫిక్ నడుమ ఉలిథి దీవుల దాక 1,500 మైళ్లు గుంజింది. సోచాయించు తమ్మీ, తనకంటె ఐదారింతల బరువు, అదీ సగం నీళ్లు మింగి ఒక పక్కకు ఒంగిన ఓడ. దాని లోపల నీళ్లు అటు నించి ఇటు పొర్లినప్పుడల్ల వైరు మీద గుంజు మారుతది, టగ్ మీద ఉన్నోడు నిద్రల గూడ వైరు మీదనే పాణం పెట్టుకోని ఉండాలె. కొట్టిన సబ్‌మెరైన్ అసొంటివి ఇంకా ఎన్ని తిరుగుతున్నయో తెల్వని నీళ్లల్ల ఇదంత.

ఆ తర్వాత ఐవో జిమా అనే జపాన్ దీవి. 1945 ఫిబ్రవరి 19 నాడు అక్కడ అమెరికా సైన్యం దిగింది, దీవంత అగ్నిపర్వతం బూడిద లెక్క నల్లటి ఇసుక, ఒడ్డు నిట్టనిలువుగ ఉంటది, అలలు గట్టిగ కొడ్తుంటె సామాన్లు దించే ఓడలు పక్కకు తిరిగి ఇసుకల ఇరుక్కపోయేవి. వాటిని ఎనుకకు గుంజుడు టగ్గుల పని. మార్చిల ఎల్‌ఎస్‌టీ-727 అనే ఓడను గుంజబోయి జూని తనే ఒడ్డుకు కొట్టుకపోయి ఇరుక్కుంది, అడుగు దెబ్బతిన్నది. మళ్ల దాన్ని గుంజాల్సొచ్చింది ఇంకొకళ్లు. ఈ పనుల మధ్యల దానికి వచ్చిన బ్యాటిల్ స్టార్లు, అంటే యుద్ధంల పాల్గొన్నందుకు ఇచ్చే గుర్తింపులు, నాలుగు. 1946ల కోస్ట్ గార్డుకు ఇచ్చి టమరోవా అని పేరు మార్చిన్రు, 1994 దాక నడిచింది. 1991 అక్టోబర్ ఆఖర్ల అట్లాంటిక్‌ల పెద్ద తుఫాన్ వచ్చి ఒక రెస్క్యూ హెలికాప్టరే సముద్రంల దిగాల్సొస్తే అందుల ఉన్న ఐదుగురిల నలుగురిని తీసింది గూడ ఈ ముసలి ఓడనే, అప్పటికి దానికి 48 ఏండ్లు.

ప్రశ్న: అన్నా, కరిగెటల ట్రాక్టర్ దిగబడితే ఇంకో ట్రాక్టర్ తెచ్చి మోకు కట్టి గుంజుతం. ఓడది గూడ గంతే కదా, తాడు కట్టి గుంజుడుల అంత గొప్పేముంది?
– ఒక రైతు, నర్సంపేట మండలం

జవాబు: అన్నా, నువ్వు ట్రాక్టర్‌కు మోకు కట్టినప్పుడు ఫస్ట్ ఏం చేస్తవ్, మోకు బిగుసుకునేదాక ముందటి ట్రాక్టర్‌ను మెల్లగ పోనిచ్చి, బిగుసుకున్నంక రేజ్ చేస్తవ్. సముద్రంల ఆ బిగుసుకునుడే పాణం తీస్తది. ముందటి ఓడ ఒక అల మీదికెక్కుతున్నప్పుడు ఎనుకది ఇంకో అల కిందికి దిగుతుంటది, రెండింటి నడుమ దూరం ప్రతి అలకు మారుతది, బిగుసుకోని ఉన్న వైరు ఎంత లావుదైనా ఒక్క జర్కుకే ఫట్. అందుకే వందల మీటర్ల పొడుగు వైరు ఇడుస్తరు, దాని బరువుకే అది నడుమ నీళ్లల్లకు వేలాడి పొట్ట లెక్క కిందికి దిగుతది. అల గుంజినప్పుడు ముందుగాల ఆ పొట్ట సాగుతది, ఓడ మీద జర్కు పడదు. ఆ బరువు ఇంక పెంచడానికి దెబ్బతిన్న ఓడ లంగరును విప్పి, లంగరు గొలుసుకే టగ్ వైరును జాయింట్ చేసి, గొలుసును గూడ కొంత నీళ్లల్లకు ఇడుస్తరు. వైరు నీళ్లపైకి తేలి సీదా గీత లెక్క కనిపిచ్చిందంటె టగ్ కెప్టెన్ వెంటనే స్పీడు తగ్గియ్యాలె. మళ్ల లోతు తక్కువ ఉన్న కాడికి వస్తే ఆ పొట్ట అడుగున రాళ్లకు రాసుకుంటది, అప్పుడు వైరు దగ్గరికి చుట్టుకోవాలె. రేవు దగ్గరికొస్తున్నకొద్దీ పని తగ్గదు, పెరుగుతది.

అసలు వైరు కట్టుడే పెద్ద పని. టార్పెడో తిన్న ఓడల కరెంటు ఉండది, వించ్ (తాడును చుట్టే యంత్రం) తిరగదు. మణికట్టంత లావు ఇనుప వైరును మనుషులు చేతుల తోనే గుంజుకోవాలె. అందుకని మొదాల ఒక సన్నటి తాడు ఇసురుతరు, దాని కొసకు ముడేసిన గుండు ఉంటది, దాన్ని హీవింగ్ లైన్ అంటరు. గాలి ఎక్కువుంటే, దూరం ఎక్కువుంటే, తుపాకి అసొంటి దాంతోని లైను కొడ్తరు. ఆ సన్న తాడుకు జర లావు తాడు, దానికి ఇంక లావుది, ఆఖర్ల వైరు. నేను వైజాగ్‌ల నేవీ ఇంజన్ రూంల ఉన్నప్పుడు పైన డెక్కు మీది పిలగాండ్లు హీవింగ్ లైన్ ఇసురుడు ప్రాక్టీస్ చేస్తుంటె చూసేటోణ్ణి, ఎండల, గాలి లేని దినం, ఓడ రేవుకు కట్టి ఉన్నప్పుడు గూడ సగం తాళ్లు నీళ్లల్లనే పడేవి. గదే రాత్రి పూట, లైట్లు ఆర్పుకోని, నూనె మరకల తోని జారుతున్న, ఒక పక్కకు ఒరిగిన డెక్కు మీద నిలబడి అందుకోవాల్నంటె ఏమైతదో నువ్వే ఊహించుకో.

తెగిన వైరు ఇంకో గండం. గుంజుడుల ఉన్న వైరు తెగితే కొస ఎనుకకు కొరడా లెక్క వస్తది, ఆ దారిల మనిషుంటే కాలు చెయ్యి గాదు, మనిషే మిగలడు. అందుకే వైరు మీద లోడ్ పడంగనే ఎనుక డెక్కు ఖాళీ చెయ్యాలె, ఇది ఇప్పటికీ ఉన్న రూలే.

ఇంకో సంగతి చెప్త, ఇది చానామందికి తెల్వదు. టగ్ ఫొటో చూడు, వైరు కట్టే కొక్కెం ఓడ చిట్టచివర ఉండదు, జర నడుమకు ఉంటది. ఎందుకంటె కొసకు కడితే టగ్ తోకను ఎనుక బరువు పట్టుకోని ఉంటది, సుక్కాని తిప్పినా ఓడ తిరగదు. నడుమకు ఉంటే తిరుగుతది. కానీ దాంట్ల ఇంకో ప్రమాదం ఉన్నది, ఎనుక కట్టిన ఓడ పక్కకు కొట్టుకపోయి వైరు టగ్‌కు అడ్డంగ, పక్క నించి పడిందనుకో, అది టగ్‌నే బోల్తా కొట్టిస్తది, చూస్తుండంగనే. దీన్ని గర్టింగ్ అంటరు. గందుకే కొక్కెం దగ్గర ఒకడు ఎప్పుడూ రెడీగ ఉంటడు, అట్ల అయితదనిపిస్తే ఎనుక ఓడ పోతేపోనీ అని వైరు ఇడిసెయ్యడానికి.

యుద్ధంల ఇదంత చేస్తూ స్పీడు నాలుగైదు నాట్లు, మనిషి మెల్లగ ఉరికినంత. మామూలు ఓడలు సబ్‌మెరైన్‌కు గురి దొరకకుంట అటిటు వంకరలు తిరుగుకుంట పోతయి, ఎనుక ఓడ కట్టుకున్నది వంకరలు తిరగలేదు.

ప్రశ్న: మా నాయన చెప్పేటోడు, నిజాం రాజు యుద్ధంల ఇంగ్లీషోళ్లకు ఒక ఓడనే కొనిచ్చిండని. నిజమేనా? అది గూడ ఇసొంటి టగ్గేనా?
– రిటైర్డ్ టీచర్, హన్మకొండ

జవాబు: నిజమే సార్, మీ నాయిన కరెక్ట్‌గ చెప్పిండు. మన వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలనే ఉండె కాబట్టి ఒక లెక్కన మనోళ్ల పైసలే అనుకోవాలె. కాకపోతే అది టగ్ గాదు, డిస్ట్రాయర్. పేరే నిజాం. స్కాట్‌లాండ్‌ల క్లైడ్‌బ్యాంక్ కాడ జాన్ బ్రౌన్ షిప్‌యార్డుల కట్టిన్రు, 1940 జూలైల నీళ్లల్లకు దించిన్రు, 1941 జనవరిల పనిల చేరింది, నడిపింది ఆస్ట్రేలియా నేవీ వాళ్లు. పేరు హైదరాబాద్‌ది, ఓడ బ్రిటన్‌ది, మనుషులు ఆస్ట్రేలియావోళ్లు, గిట్లుంటది యుద్ధం. 1941ల క్రీట్ దీవిల నించి సైనికులను తరలించినప్పుడు అది ఉన్నది, 1945ల ఆస్ట్రేలియా నైరుతి కొస కేప్ లీవిన్ దగ్గర ఒక పెద్ద అల కొట్టి పది మంది సిబ్బంది సముద్రంల కొట్టుకపోయిన్రు. శత్రువు చేతిల గాదు, అల చేతిల. 1945 సెప్టెంబర్ 2 నాడు జపాన్ లొంగిపోయిన రోజు టోక్యో అఖాతంల ఉన్న ఓడలల్ల నిజాం గూడ ఒకటి.

అయితే సార్, మన టగ్ ముచ్చటకు దీనికి ఒక లింకు ఉన్నది. నిజాంకు తోడబుట్టిన ఓడ నెస్టర్, అదే క్లాసు, అది గూడ ఆస్ట్రేలియావోళ్లే నడిపిన్రు. 1942 జూన్‌ల మాల్టా దీవికి తిండి, పెట్రోలు తీస్కపోయే కాన్వాయ్‌కు కాపలాగ రెండూ పోయినయి. జూన్ 15 సాయంత్రం క్రీట్ దగ్గర నెస్టర్ మీద బాంబులు పడ్డయి, బాయిలర్ రూంలు దెబ్బతిన్నయి, నలుగురు పోయిన్రు, ఓడ ఆగిపోయింది. అప్పుడు దాన్ని గుంజడానికి జావెలిన్ అనే ఇంకో డిస్ట్రాయరే వైరు కట్టింది. రాత్రంత గుంజిన్రు, వైరు తెగింది, మళ్ల కట్టిన్రు, ఓడ ముక్కు దిక్కు కిందికి దిగుడు షురువైంది. తెల్లారితే మళ్ల జర్మన్ విమానాలొస్తయి. ఇగ లాభం లేదని సిబ్బందిని జావెలిన్‌ల ఎక్కించుకోని జూన్ 16 పొద్దుగాల నెస్టర్‌ను తామే ముంచేసిన్రు.

డిస్ట్రాయర్ దౌడు తీసే ఓడ, గుంజేదానికి కట్టింది గాదు. అది గుంజుతున్నంత సేపు ఇంకో ఓడకు కాపలా కాయలేదు, సబ్‌మెరైన్ ఎంట పడలేదు, దెబ్బ తిన్నది ఒక్క ఓడైతే యుద్ధంల నించి పక్కకు పోయేటివి రెండు. టగ్గులు ఎందుకు గావాలె అనేదానికి నాకు దీనికంటె మంచి ఉదాహరణ కనిపియ్యదు. టగ్ ఉంటే నెస్టర్ బతికేదా అంటే, అది నేను గ్యారంటీ ఇయ్య. టగ్ వచ్చినా గూడ కాపాడలేకపోయిన ఓడలున్నయి. ఆర్క్ రాయల్ అనే పెద్ద విమాన వాహక నౌకను 1941 నవంబర్ 13 నాడు యూ-81 కొట్టింది, అది జిబ్రాల్టర్‌కు దగ్గరనే ఉండె, అక్కడి నించి థేమ్స్ అనే టగ్ పోయి వైరు గూడ కట్టింది, ఓడ మెల్లమెల్లగ కదిలింది గూడ. కానీ లోపల నీళ్లు ఎక్కుడు ఆగలే, తెల్లారి మునిగింది. ఓడ దెబ్బ తిన్నంక మొదటి గంటల లోపల ఉన్నోళ్లు ఏం చేసిన్రు అనేదాని మీదనే టగ్ పని ఆధారపడి ఉంటది.

ప్రశ్న: దెబ్బతిన్న ఓడ కోసం ఇంకో ఓడను, అండ్ల మనుషులను రిస్కుల పెట్టుడు తెలివైన పనేనా? మనుషులను దించుకోని ఓడను ముంచేస్తే అయిపాయె కదా?
– ప్రైవేట్ ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: ఈ ప్రశ్న అప్పటి అడ్మిరల్స్ గూడ అడుక్కున్నరు బ్రదర్. 1944 అక్టోబర్‌ల ఫార్మోసా, అంటే ఇప్పటి తైవాన్, దాని దగ్గర అమెరికా థర్డ్ ఫ్లీట్ దాడులు చేస్తుంటె 13 నాడు కాన్‌బెర్రా అనే క్రూయిజర్‌కు విమానం ఏసిన టార్పెడో తగిలింది, ఫార్మోసాకు 90 మైళ్ల దూరంల. ఇరవై ముగ్గురు పోయిన్రు, వేల టన్నుల నీళ్లు లోపలికొచ్చినయి. మరుసటి రోజు హ్యూస్టన్ అనే ఇంకో క్రూయిజర్‌కు తగిలింది. శత్రువు ముంగిట్ల రెండు పెద్ద ఓడలు ఆగిపోయినయి. ముంచేసి పోదామా, గుంజుదామా? గుంజుదాం అన్నరు. ముందుగాల వేరే క్రూయిజర్లే వైరు కట్టినయి, తర్వాత టగ్గులొచ్చినయి: కాన్‌బెర్రాను మన్సీ, హ్యూస్టన్‌ను పానీ. (పానీ అంటే నీళ్లు గాదు, అమెరికా ఆదివాసీ తెగ పేరు, ఈ క్లాసు టగ్గులన్నిటికి అట్లనే పెట్టిన్రు, జూని గూడ అంతే.)

ఇక్కడ రాజకీయం గూడ జరిగింది. జపాన్ పైలట్లు అమెరికా ఫ్లీట్ మొత్తాన్ని ముంచేసినమని చెప్పుకున్నరు, టోక్యో రేడియో సంబురాలు చేసింది. థర్డ్ ఫ్లీట్ నడిపే అడ్మిరల్ హాల్సీకి ఐడియా వచ్చింది, ఈ నడవలేని ఓడలను ఎరగ చూపిస్తే జపాన్ యుద్ధనౌకలు ఆశపడి బయటికొస్తయి కదా అని. అంటే టగ్గుల మీద ఉన్నోళ్లు, ఆ కుంటి ఓడల మీద మిగిలినోళ్లు గాలానికి గుచ్చిన ఎర. 16 నాడు వందకు పైగ జపాన్ విమానాలొచ్చినయి, కాపలాగ ఉన్న రెండు చిన్న విమాన వాహక నౌకలు, కాబోట్, కౌపెన్స్, వాటి విమానాలు చానామట్టుకు కూల్చినయి, కానీ ఒకటి దాటొచ్చి హ్యూస్టన్ ఎనుక భాగానికి ఇంకో టార్పెడో కొట్టింది, పెట్రోలు అంటుకోని మంటలు లేచినయి.

అప్పుడు పానీ మీద ఉన్నోళ్లు వైరు ఇడిసెయ్యొచ్చు. పాణం మీదికొస్తే ఇడిసినా ఎవ్వరూ తప్పనరు. ఇడవలే, మీ ఎంటనే ఉంటం అని హ్యూస్టన్‌కు సిగ్నల్ ఇచ్చి గుంజుకుంటనే పోయిన్రు. హ్యూస్టన్ లోపల అప్పటికి ఆరు వేల టన్నులకు పైగ నీళ్లున్నయి, అంటే పానీ తన బరువుకు కొన్ని రెట్ల నీళ్లనే గుంజుతున్నది, ఓడ లెక్క వేరే. అక్టోబర్ 27 నాడు రెండు క్రూయిజర్లు ఉలిథికి చేరినయి. ఎర పనిచేసిందా అంటే జపాన్ ఓడలు కొన్ని బయల్దేరినట్టే బయల్దేరి, అమెరికా ఫ్లీట్ ఇంకా బతికే ఉన్నదని తెల్సి ఎనుకకు మర్లినయి. హాల్సీ మాత్రం, టోక్యో రేడియో మునిగినయన్న మా ఓడలన్నిటిని పైకి లేపుకోని శత్రువు దిక్కే వాపస్ పోతున్నం అని వెటకారంగ రిపోర్టు పంపిండు.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్త. ఆ రెండు ఓడలు రిపేరై వచ్చేసరికి యుద్ధం ఖతం అయింది. రీనో గూడ అంతే, మళ్ల యుద్ధంల తుపాకి పేల్చలే, యుద్ధం అయినంక సైనికులను ఇండ్లకు తెచ్చే పని చేసింది. ఒట్టి లెక్క ప్రకారం చూస్తే లాభం లేదనొచ్చు. నేనైతే అట్ల అన. 1944 అక్టోబర్‌ల ఇంకో పది నెలలల్ల యుద్ధం అయిపోతదని ఎవ్వరికి తెల్సు? క్రూయిజర్ కట్టాల్నంటె రెండేండ్లు పట్టే కాలం, కాన్‌బెర్రా ఆ తర్వాత మిసైల్ క్రూయిజర్‌గ మారి వియత్నాం దాక పనిచేసింది. ఇంకోటి, నడి సముద్రంల ఓడను వదిలేసుడు అంటే అనంగనే అయ్యేది గాదు, వెయ్యి మందిని రాత్రి పూట ఇంకో ఓడకు మార్చుడుల ఎందరు పోతరో. ఎర పెట్టుడు మాత్రం నాకు నచ్చలే, గుంజాలె అనే నిర్ణయం కరెక్ట్, గుంజేటోళ్లను గాలానికి గుచ్చుడు వేరే సంగతి.

ఒక్కోసారి గుంజుకొచ్చేది శత్రువుదే అయితది. 1944 జూన్ 4 నాడు ఆఫ్రికా పడమటి తీరం అవతల అమెరికావోళ్లు జర్మన్ సబ్‌మెరైన్ యూ-505ను మునగకముందే ఎక్కి పట్టుకున్నరు, లోపల కోడ్ పుస్తకాలతో సహా. దాన్ని అబ్నాకీ అనే టగ్‌కు కట్టి బెర్ముడా దీవికి తెచ్చిన్రు, జూన్ 19కి చేరింది. జర్మన్లకు అది దొరికిందని తెలిస్తే కోడ్లు మారుస్తరు కాబట్టి అంత దూరం గుట్టుగనే గుంజాలె. ఇప్పుడు షికాగో మ్యూజియంల ఉన్నది, మీ చుట్టాలెవరన్న అటు ఉంటే చూసి రమ్మను.

ప్రశ్న: మేడమ్/సార్, ఈ టగ్గుల మీద పనిచేసేటోళ్లు నేవీ సైనికులేనా, మామూలు మనుషులా? వాళ్లకు ట్రైనింగ్ ఎక్కడ?
– ఇంటర్ అమ్మాయి, జమ్మికుంట

జవాబు: బిడ్డా, సారే. అమెరికాల అయితే నేవీ మనుషులే. బ్రిటన్‌ల కథ వేరే. వాళ్లు యుద్ధం రాంగనే చూసుకుంటే, గుంజుడు తెల్సినోళ్లు నేవీల తక్కువ, రేవులల్ల ప్రైవేట్ టగ్గుల మీద ఎక్కువ. దాంతోని టీ-124-టీ అని ఒక అగ్రిమెంట్ పెట్టిన్రు, సంతకం పెడితే నువ్వు వ్యాపార ఓడల మనిషివే, జీతం ఆ లెక్కనే, కానీ నేవీ క్రమశిక్షణ కింద పనిచెయ్యాలె. వీళ్లకు స్కాట్‌లాండ్‌ల క్యాంబెల్‌టౌన్ అనే చిన్న ఊరు హెడ్‌క్వార్టర్. నేవీ యూనిఫాంల చేపలు పట్టేటోళ్లు, రేవు టగ్గులోళ్లు, సెల్యూట్ సక్కగ రాకపోయినా తాడు ముడెయ్యడంల ఎవ్వడి దగ్గర తల దించరు. డచ్ దేశాన్ని జర్మనీ పట్టుకున్నంక అక్కడి పెద్ద పెద్ద సముద్రపు టగ్గులు గూడ వీళ్ల తోని కలిసినయి.

1940ల ఫ్రాన్స్‌ల డంకర్క్ నించి సైన్యాన్ని తెచ్చేటప్పుడు జూన్ 1 ఒక్కనాడే సెయింట్ ఆబ్స్, సెయింట్ ఫాగన్ అనే రెండు టగ్గులు బాంబులకు పోయినయి. 1944ల ఫ్రాన్స్ తీరం నార్మండీల సైన్యం దిగినప్పుడు రేవులు లేని ఒడ్డుకు రేవునే ముక్కలు ముక్కలుగ తీస్కపోయిన్రు, ఒక్కొక్క కాంక్రీట్ డబ్బా 6,000 టన్నుల దాక, అన్నీ టగ్గులు గుంజినయే. ఆ పనిల ఉండంగనే సెసామి అనే టగ్‌ను జర్మన్ టార్పెడో బోటు ముంచింది. ఇంజన్, కొక్కెం, వంట గది, అన్నీ దగ్గర దగ్గరనే ఉండే చిన్న ఓడ కదా, టార్పెడో తగిలితే బయటికొచ్చే టైం గూడ ఉండకపోయేది. నువ్వు నేవీల చేరాల్నని అడిగినవా, ఒట్టిగనే అడిగినవా రాయలే. చేరాల్నని ఉంటే మ్యాథ్స్, ఫిజిక్స్ ఇడవకు, అగ్నివీర్ నోటిఫికేషన్ల ఆడపిల్లలకు గూడ అవకాశం ఉన్నది.

ప్రశ్న: సర్, టమరోవా పేరు మా టార్ట్స్ (నష్టపరిహారం చట్టం) క్లాసుల ఎక్కడో విన్నట్టున్నది. దానికి కోర్టు కేసుకు ఏమన్న సంబంధం ఉన్నదా?
– లా స్టూడెంట్, సుబేదారి

జవాబు: ఉన్నది వకీల్ సాబ్, నువ్వు క్లాసుల పండుకోలేదన్న మాట. 1963 మార్చిల టమరోవా న్యూయార్క్‌ల బ్రూక్లిన్ దగ్గర ఒక ప్రైవేట్ కంపెనీ తేలే డ్రైడాక్‌ల రిపేరుకు ఎక్కి ఉండె. తేలే డ్రైడాక్ అంటే పక్క గోడలల్ల నీళ్ల ట్యాంకులుండే పెద్ద తొట్టి, ట్యాంకులు ఖాళీ చేస్తే ఓడతో సహా పైకి లేస్తది, నింపితే దిగుతది. ఆ ఓడల పనిచేసే ఒక నావికుడు రాత్రి బయట ఫుల్లుగ తాగి వాపస్ వస్తూ డాక్ గోడ మీద కనిపిచ్చిన చక్రాలను ఒకటెంట ఒకటి తిప్పుకుంట వచ్చిండు. ఎందుకు తిప్పినవురా అంటే వానికే తెల్వదు. అవి ట్యాంకుల వాల్వులు. ఒక పక్క ట్యాంకులల్ల నీళ్లు నిండినయి, డాక్ ఒరిగింది, ఓడ దిమ్మెల మీద నించి జారి గోడకు పడ్డది, డాక్, ఓడ రెండూ సగం నీళ్లల్ల. మనుషులెవ్వరు చావలే. జపాన్ సబ్‌మెరైన్లు తిరిగే నీళ్లల్ల, ఐవో జిమా ఇసుకల బతికిన ఓడను రేవుల, అదీ డ్రైడాక్‌ల పడుకోబెట్టింది వాళ్ల మనిషే.

డాక్ కంపెనీ, బుషీ అండ్ సన్స్, అమెరికా ప్రభుత్వం మీద కేసేసింది. ప్రభుత్వం ఏమన్నదంటే, వాడు డ్యూటీల లేడు, తాగి చేసిండు, వాడి పని ఓడకు ఏ లాభం చేసేది గాదు, మాకేం సంబంధం అని. 1968ల అప్పీల్ కోర్టుల జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ ఒప్పుకోలే. నావికులు రాత్రి బయటికి పోయి తాగి వాపస్ వచ్చుడు, వచ్చేటప్పుడు డాక్ దాటి రావాల్సి ఉండుడు, ఇవన్నీ నడుస్తున్న ఓడ పనిల ముందుగనే ఊహించుకోవాల్సిన సంగతులే, కాబట్టి నష్టం ప్రభుత్వమే కట్టాలె అన్నడు. అదే నావికుడు తాను తాగిన బారుకే నిప్పు పెట్టి ఉంటే తీర్పు వేరే ఉండేదని గూడ ఆ తీర్పు చదివితే అర్థమైతది. యజమాని బాధ్యత ఎంతవరకు అనే టాపిక్ వస్తే మీ లెక్చరర్‌ను దీని గురించి అడుగు, పరీక్షల గూడ పనికొస్తది.